తీగ గులాబీ మీద ఇప్పుడు కత్తెర వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

చలి ప్రాంతాల్లో తీగ గులాబీల పెంపకం గురించి మీ ఆదివారం తోటల పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. రాసినవారికి గులాబీ అంటే ఎంత ఇష్టమో తెలుస్తూనే ఉంది. కానీ అందులోని నాలుగు సలహాలు, సున్నాకి ఇరవై ముప్ఫై డిగ్రీలు దిగువకు పడిపోయే చోట పాటిస్తే మొక్క పోతుంది, లేదా బతికీ పూయదు. చలి ముదరకముందే మోకాలెత్తుకు కత్తిరించమన్నారు. ప్లాస్టిక్ షీటు చుట్టమన్నారు. చలికి తట్టుకునే బలం కోసం ఆకు రాలే కాలంలో ఎరువు వేయమన్నారు. ఒక్కో ఆకులో ఏడు చిన్నాకులున్న రెమ్మ కనిపిస్తే అది అడవి రెమ్మే, అంటే అంటు కింది మొక్కదే, అనుకుని తీసేయమన్నారు. పొద గులాబీకి వీటిలో ఒకటో రెండో చెల్లుతాయేమో గానీ తీగ గులాబీకి ఒక్కటీ చెల్లదు.

తేడా పూత దగ్గరుంది. పొద గులాబీ మొదట్లోంచి వచ్చిన కొత్త కొమ్మ మీద ఆ ఏడే పూస్తుంది. శీతకాలంలో పైభాగమంతా ఎండిపోయినా, మొదట్లో రెండు కళ్లు (చిగురు పుట్టే మొగ్గలు) బతికుంటే వేసవికల్లా పూలు చూడొచ్చు. తీగ గులాబీ పూత మాత్రం చాలావరకు నిరుటి తీగకు పక్కలనుంచి వచ్చే పొట్టి రెమ్మల మీదే. ఏడాదికి ఒక్కసారే పూసే రకాలకు నిరుటి తీగ తప్ప వేరే దిక్కు లేదు. అది చస్తే ఆ ఏడు పువ్వు లేనట్టే. విడతలు విడతలుగా పూసే రకాలు కొత్త కొమ్మ మీద కూడా పూస్తాయి, కానీ ఆలస్యంగా, అదీ నడుమెత్తులో. పందిరి ఎక్కాల్సిన మొక్క ఏటా మళ్లీ నేల మీంచి మొదలెడుతుంది. అంచేత ఇక్కడ వేరును కాపాడితే సరిపోదు. రెండు మూడు మీటర్ల తీగను, దాని మీది కళ్లతో సహా, వసంతం దాకా ప్రాణంతో దాటించాలి. దాన్ని మోకాలెత్తుకు కోసేస్తే చలి చేయాల్సిన పని మనమే ముందు చేసిపెట్టినట్టు.

నర్సరీ చీటీలు ఈ విషయం చెప్పవు. ‘జోన్ 5 వరకు తట్టుకుంటుంది’ అని రాసి ఉంటుంది. జోన్ 5 అంటే ఏడాదిలో నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రత, కొన్నేళ్ల సగటున, −28.9 నుంచి −23.3 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే ప్రాంతం. జోన్ 4 లో అది −34.4 దాకా, జోన్ 3 లో −40 దాకా దిగుతుంది. ఈ అంకెలో గాలి లేదు, ఎండ లేదు, మంచు ఎంత మందాన పేరుకుంటుందన్నది లేదు. అన్నిటికంటే ముఖ్యం, తట్టుకునేది వేరా, తీగా అన్నది లేదు. ‘న్యూ డాన్’నే తీసుకోండి. 1930 లో వచ్చిన ఈ లేత గులాబీ రంగు రకానికి పెద్ద పేరుంది; అమెరికాలో మొక్కలకిచ్చే పేటెంట్లలో మొదటిది 1931 లో దీనికే దక్కింది. జోన్ 5 లో మామూలు శీతకాలమైతే దీని తీగ చాలావరకు నిలుస్తుంది. జోన్ 4 లో మంచు పేరుకున్న ఎత్తు దాకా పచ్చగా, ఆ గీత పైన నల్లగా మిగులుతుంది. చీటీ అబద్ధం చెప్పిందనలేం, మొక్క చావలేదుగా! పందిరి మాత్రం బోసిగానే ఉంటుంది. మీ వ్యాసం పక్కన వేసిన జాబితాలో ‘క్లైంబింగ్’ అనే మాటతో మొదలయ్యే హైబ్రిడ్ టీ (కాడకు ఒక్కో పెద్ద పువ్వు పూసే తరహా) రకాలు మూడున్నాయి. అవి ఇంకా సుకుమారమైనవి. జోన్ 6 కంటే చల్లని చోట వాటికోసం పందిరి వేయడం దండగ.

తీగ కూడా నిలిచే రకాలు లేకపోలేదు. వాటిలో చాలావాటి మూలం ఒక్కటే. జర్మనీలో గులాబీ రకాలు సృష్టించిన విల్‌హెల్మ్ కోర్డెస్, దాదాపు గొడ్డుమొక్క అనిపించుకున్న ‘మ్యాక్స్ గ్రాఫ్’ అనే సంకరం నుంచి కాసిని గింజలు రాబట్టారు. అందులో ఒక మొలకలో క్రోమోజోములు వాటంతటవే రెట్టింపై, మొక్కకు గింజ కట్టే శక్తి వచ్చింది. రోజా కోర్డెసీ అని పేరు పెట్టింది దానికే. సముద్రతీరపు చలిని ఓర్చే రుగోసా, నేలబారున పాకే విచురాయానా, ఈ రెండు గులాబీ జాతుల గుణాలూ అందులో ఉన్నాయి. 1955 నాటి ఎర్రని ‘డార్ట్‌మండ్’ ఈ వంశానిదే. ఆ తర్వాత కెనడా వ్యవసాయ శాఖ ఒట్టావా కేంద్ర ప్రయోగక్షేత్రంలో ఫెలిసిటాస్ స్వెయ్డా ఇదే కోర్డెసీని వాడి, అన్వేషకుల పేర్లతో ఒక వరుస రకాలను తయారుచేశారు. 1978 లో వచ్చిన ‘జాన్ క్యాబట్’, 1983 నాటి ‘విలియం బాఫిన్’, 1984 నాటి ‘హెన్రీ కెల్సీ’, 1986 నాటి ‘జాన్ డేవిస్’ తీగలా పాకించదగ్గవి. ముదురు ఎరుపు ‘క్వాడ్రా’ 1994 లో వచ్చింది.

వీటిలో ఒక్కటే పెట్టే చోటుంటే ‘విలియం బాఫిన్’ పెట్టమంటాం. జోన్ 3 లో కూడా పైన ఏ కప్పూ లేకుండా తీగ నిలుస్తుంది, రెండున్నర మూడు మీటర్లు ఎక్కుతుంది. లోపాలూ ఉన్నాయి. పువ్వుకు వాసన దాదాపు లేదు. ముళ్లు బలం. రెండేళ్ల తీగ బొటనవేలంత లావై, వంచితే వంగదు. పక్కకు మళ్లించాలంటే మొదటి ఏడే, లేతగా ఉన్నప్పుడే మళ్లించాలి. ‘జాన్ డేవిస్’ తీగ సన్నం, చెప్పినట్టు వింటుంది, పువ్వుకు మంచి వాసన. పొడవు మాత్రం రెండు రెండున్నర మీటర్లే. ‘హెన్రీ కెల్సీ’ ఎరుపు కళ్లకు బాగానే ఉంటుంది గానీ నల్లమచ్చ తెగులుకు తేలిగ్గా లొంగుతుంది, తీగ చివర్లు మిగతావాటికంటే ఎక్కువ ఎండుతాయి. ‘క్వాడ్రా’ మొదటి రెండు మూడేళ్లు కదలనే కదలదు, తొందరపడి పీకేయొద్దు. ఏడాదికి ఒక్కసారి పూసినా చాలనుకునేవారికి 1937 నాటి ఫిన్లాండ్ రకం ‘పోల్‌షార్నన్’ ఉంది. పేరుకు ధ్రువనక్షత్రమని అర్థం, చిన్న తెల్లపూలు గుత్తులు గుత్తులుగా వస్తాయి, చలికి ఓర్చడంలో దానికి సాటి వచ్చే తీగలు తక్కువ.

ఇక మీ వ్యాసంలోని ‘మంచు పడకముందే కప్పేయండి’ అన్న వాక్యం. ఏ మంచు? తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, ఆకును మాడ్చే తెల్లని పేరుడూ మంచే, మోకాళ్ల లోతున కురిసేదీ మంచే. మన భాషలో ఇన్నిటికీ ఒక్కటే మాట, మామూలుగా దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ మాత్రం మొక్క ప్రాణం ఆ తేడా మీదే ఉంది. ఆకుల అంచులు మాడే మొదటి రెండు మూడు చలి రాత్రులు గులాబీకి శత్రువులు కావు. పొద్దు కురచవుతూ రాత్రులు చల్లబడుతుంటే తీగ పెరుగుదల ఆపి, కణాల్లో చక్కెరలు కూడబెట్టుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు నీరు కణాల బయటికి జారి, అక్కడ గడ్డకట్టి, కణం లోపల చీలకుండా ఉండేలా తయారవుతుంది. ఈ తయారీకి కొన్ని వారాలు పడుతుంది, దానికి ఆ చలి రాత్రులే కావాలి. మొదటి మంచుకే భయపడి కప్పేస్తే మొక్క వెచ్చగా, మెత్తగా, ఏ తయారీ లేకుండా అసలు శీతకాలంలోకి వెళుతుంది. పైగా ఆ మెత్తని కప్పులో ఎలుకలు కాపురం పెట్టి, తిండి దొరకనప్పుడు తీగ బెరడు చుట్టూ కొరికేస్తాయి. రాత్రి ఉష్ణోగ్రత వరసగా −5, −7 కి దిగి, పైనేల రెండు మూడు సెంటీమీటర్లు గట్టిపడ్డాక కప్పాలి.

కప్పు పనిచేసే తీరు గురించి కూడా ఒక మాట. దుప్పటి కప్పుకుంటే మనకు వెచ్చగా ఉండేది మన ఒంటి వేడి బయటికి పోనివ్వదు గనక. గులాబీ ఒంట్లో వేడి పుట్టదు. నిటారుగా నిలబడ్డ తీగకు ఎన్ని పొరలు చుట్టినా తెల్లవారుజాముకి లోపలా బయటా ఒకటే చలి. వేడి ఉన్నది నేలలో. నేలను తాకుతూ వేసిన మట్టి, ఎండుటాకు, కురిసి పేరుకున్న మంచు, ఇవే ఆ వేడిని పట్టి ఉంచుతాయి. నిలబడ్డ తీగకు గోనెపట్టా చుట్టడం దండగని కాదు. చలిగాలిని, ఎండను అడ్డుకుంటుంది. నేల గడ్డకట్టి వేరు నీరు తీసుకోలేని రోజుల్లో గాలికి, ఎండకు తీగ ఎండిపోవడం పెద్ద నష్టం, దాన్ని గోనె ఆపుతుంది. రెండు పొరలు వదులుగా చుట్టి, లోపల ఎండుగడ్డి కూరి, పురికొసతో కట్టాలి. ఆ స్థానంలో ప్లాస్టిక్ చుడితే మధ్యాహ్నపు ఎండకు లోపల గదిలా వేడెక్కి తీగ నిద్ర లేస్తుంది, రాత్రి బయటి చలికి సమానంగా పడిపోతుంది. రోజూ ఇలా లేపి చంపడం కంటే ఏమీ చుట్టకపోవడం మేలు. లోపల చేరిన తేమకు బెరడు మీద గోధుమరంగు పుళ్లు లేస్తాయి, అవి తీగ చుట్టూ పాకితే పైభాగం పోతుంది.

దక్షిణం గోడ వెచ్చగా ఉంటుంది కదా అని అక్కడ పెట్టేవారికీ ఇదే చిక్కు. శీతకాలం చివర, నేల ఇంకా గట్టిగా ఉండగానే, గోడ నుంచి తిరిగి కొట్టే వేడికి కళ్లు ఉబ్బుతాయి. ఒకసారి మెత్తబడ్డ కన్ను మళ్లీ పాత బలాన్ని పూర్తిగా తెచ్చుకోలేదు. వారం తర్వాత వచ్చే −15 దాన్ని తీసుకుపోతుంది. శీతకాలం నడుమ −30 ని దాటిన తీగ దాని చివర −15 కి చచ్చేది ఇందుకే. తూర్పు గోడ, లేదా గాలి నేరుగా కొట్టని విడి పందిరి నయం. చూరు కింద అసలు వద్దు. ఇంటి కప్పు మీది మంచు ఒక్కసారిగా జారిపడితే తీగ మొదట్లోంచి చీలుతుంది. రోడ్డు మీంచి ఎత్తిన మంచును పాదులో పోయొద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

ఎరువు మాట చెప్పాలి. చలికి బలం ఎరువుతో రాదు, ఆకుతో వస్తుంది. ఆకు రాలే కాలంలో నత్రజని వేస్తే లేత చిగుళ్లు వస్తాయి. అవి గట్టిపడేలోగా చలి వచ్చి చిగురును, దానితోపాటు కిందున్న చెక్కను కూడా తీసుకెళుతుంది. వసంతంలో పాదు మీద 5 నుంచి 8 సెం.మీ. మందాన కంపోస్టు, మొదటి పూత అయ్యాక ఒక విడత మామూలు ఎరువు, అంతే. మొదటి గడ్డకట్టే రాత్రికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే నత్రజని ఆపాలి. ఆ వేళకే వాడిన పూలు తుంచడం కూడా మానేయాలి. కాయ కట్టనిస్తే మొక్క పెరుగుదల తగ్గిస్తుంది. నీళ్లు మాత్రం ఆపొద్దు. నేల గట్టిపడే ముందు ఒకసారి మొక్కకు 20 లీటర్లు నెమ్మదిగా, లోతుగా ఇంకనివ్వండి. పొడి వేరుతో శీతకాలంలోకి వెళ్లిన తీగ ముందుగా ఎండుతుంది. నల్లమచ్చ తెగులు కూడా ఈ లెక్కలోదే. దానికి ఆకు రాలిన మొక్క చక్కెర కూడబెట్టుకోలేదు, ఆ శీతకాలం దానికి గండమే. ఆకు మీద తడి ఏడు గంటలుంటే ఆ బూజు పట్టుకుంటుంది కాబట్టి నీళ్లు ఉదయం పూట, పాదులోనే పోయాలి. రాలిన మచ్చల ఆకులను కప్పు కింద వదిలేయకుండా ఏరి పారేయాలి.

తీగ నిలవదని తెలిసిన రకమే మీ దగ్గరుంటే, ‘న్యూ డాన్’ జోన్ 4 లో ఉన్నట్టు, ఒక్కటే మార్గం. దాన్ని పందిరి మీంచి దించి నేలమీద పడుకోబెట్టాలి. వ్యాసంలో దీని ఊసే లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

నాలుగైదు చలి రాత్రులు దాటాక, నేల ఇంకా పారకు లొంగుతుండగా మొదలుపెట్టాలి. మిగిలిన ఆకులు తుంచేయండి, కప్పు కింద అవి కుళ్లుతాయి. కట్లు విప్పి, తీగలను రెండు మూడు మోపులుగా పురికొసతో వదులుగా కట్టండి. మందపాటి తోలు చేతి తొడుగులు లేకుండా దీనికి దిగొద్దు. వంచే ముందు, వంచబోయే వైపున మొక్క మొదట్లో ఒక బుట్టెడు మట్టి పోసి దిబ్బలా చేయండి. తీగ ఆ దిబ్బ మీదుగా విల్లులా వంగాలి. దిబ్బ లేకపోతే మొదట్లో మడతపడి అక్కడే చీలుతుంది. గడ్డకట్టిన తీగ గాజులా విరుగుతుంది కాబట్టి ఎండ కాసిన మధ్యాహ్నం పూటే వంచాలి. ఒక్కరోజులో నేలకు తేవాలని చూడొద్దు. మొదటి రోజు నడుమెత్తుకు తెచ్చి తాడుతో మేకుకు కట్టండి, రెండు మూడు రోజులాగి ఇంకో జానెడు, అలా వారం పది రోజుల్లో నేలకు చేర్చండి. చెయ్యి మొదటికి దగ్గరగా ఆనించి వంచుతుంటే, తీగ లోపల నార సాగుతున్నట్టు సన్నని చప్పుడు వస్తుంది. అది పర్లేదు. టక్కుమని పొడి చప్పుడు వినిపిస్తే అక్కడితో ఆపేయాలి. చీలిక సగం మందం దాటకపోతే రెండు వైపులా దగ్గరకు నొక్కి, రబ్బరు పట్టీ చుట్టి వదిలేయండి, చాలాసార్లు అతుక్కుంటుంది.

నేలకు చేరిన తీగను గట్టి ఇనుప తీగ ముక్కలతో చేసిన కొక్కేలు గుచ్చి నిలపండి. మొక్క మొదలు దగ్గర 25 నుంచి 30 సెం.మీ. ఎత్తున మట్టి పోయండి. ఆ మట్టి బయటినుంచి తేవాలి. పాదు చుట్టూ గీకి తీస్తే వేళ్ల మీది కప్పే పోతుంది. పడుకున్న తీగ మీద 15 సెం.మీ. మట్టి, నేల గట్టిపడ్డాక దాని మీద 30 సెం.మీ. ఎండుటాకులు. ఆకులు ఎగిరిపోకుండా పైన కోళ్లగూటికి వాడే జాలీ పరిచి అంచులు మట్టిలో పాతితే కుందేళ్లు కూడా రావు. పాత తీగలు లావై ఎంతకీ వంగకపోతే వాటి మీద బలం చూపించొద్దు. మొక్కకు ఒక వైపు వేళ్ల పక్కన పారతో లోతుగా గుచ్చి వదులు చేసి, రెండోవైపు తవ్విన కందకంలోకి మొక్కనే వేరు దగ్గర ఒరిగించాలి. అమెరికాలో మిన్నెసోటా గులాబీ పెంపకందారులు ఎప్పటినుంచో చేస్తున్న పద్ధతిది, అక్కడి పేరుతోనే మిన్నెసోటా టిప్ (టిప్ అంటే ఒరిగించడం) అంటారు. పని ఎక్కువ. కానీ −35 దగ్గర సుకుమారపు తీగను దాటించడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

ఇవన్నీ ముందే ఆలోచించి పందిరి వేసుకుంటే ఏటా నడుం నొప్పి తగ్గుతుంది. తీగను పందిరి కమ్మీల సందుల్లోంచి అల్లొద్దు. అల్లిన తీగను దించాలంటే కోయడమే గతి. కమ్మీల ముందువైపే ఉంచి, 8 అంకె ఆకారంలో మెత్తని గుడ్డ పేలికతో కట్టండి. గోడకూ పందిరి కమ్మీలకూ మధ్య 10 సెం.మీ. ఖాళీ, గోడకూ మొక్క మొదటికీ మధ్య 45 సెం.మీ. దూరం ఉండాలి. తీగలను విసనకర్రలా పక్కలకు పరవాలి. నిటారుగా పోయిన తీగలో కొసన ఉన్న కన్ను మిగతా కళ్లను అణిచేస్తుంది, పూలన్నీ నెత్తిమీదే వస్తాయి. పడుకోబెట్టినంత వాలుగా కడితే పొడవునా ప్రతి కన్నూ లేచి రెమ్మ వేస్తుంది.

వసంతంలో కప్పు తీసేటప్పుడు ఒక్కసారిగా తీయొద్దు. మట్టి కరుగుతున్నకొద్దీ పొరలుగా, మబ్బు పట్టిన రోజు చూసి తీయండి. నెలల తరబడి చీకట్లో ఉన్న బెరడు ఒక్క ఎండ మధ్యాహ్నానికే మాడుతుంది. ఎండుటాకులు ఇంకో మూడు వారాలు పక్కనే కుప్పగా ఉంచుకోండి, ఆలస్యపు చలి వస్తే పనికొస్తాయి. కత్తెరకు సమయం ఇప్పుడు వచ్చింది, అదీ కళ్లు ఉబ్బాక. ముందు గోరుతో బెరడు కొద్దిగా గీకండి. కింద పచ్చగా ఉంటే ప్రాణముంది. అంతటితో నమ్మేయొద్దు. చివర్నించి 2, 3 సెం.మీ. చొప్పున కోస్తూ రండి. నరికిన చోట నడిమి బెండు టీపొడి రంగులో ఉంటే చచ్చిన చెక్క. ఇంకో కోత. రంగు తేలికవుతుంది, అంచున పచ్చగా, నడుమ చారలు చారలుగా. ఇంకో కోత. బెండు కొబ్బరి ముక్కలా తెల్లబడితే అక్కడ ఆగాలి. బయటికి చూస్తున్న కన్నుకు 6 మి.మీ. పైన, ఏటవాలుగా కోయాలి. పైకి బతికినట్టే కనిపించే గోధుమ బెండు తీగ చిగురేసి, మొగ్గ దాకా వచ్చి, మొదటి వేడి వారంలో హఠాత్తుగా వాడిపోతుంది. దాన్ని తెగులనుకుని మందులు కొట్టేవారు చాలామంది. తీగ మొత్తం పోయినట్టు కనిపించినా మొక్కను పీకేయకండి, నేల కిందినుంచి చిగురు రావడానికి ఆరు వారాలైనా ఆగండి.

అయితే ఆ చిగురు ఏ మొక్కది? అంటు మొక్క అయితే ఈ ప్రశ్న తప్పదు. అంటు కట్టిన ముడి నేలపైన ఉంటే చలికి మొదట పోయేది అదే. ఆపైన కిందున్న అడవి మొక్క లేస్తుంది. అమెరికాలో అంటుకు ఎక్కువగా వాడే ‘డాక్టర్ హ్యూయీ’ కూడా తీగజాతే. ఒక ఏడు లేత గులాబీ పూలు పూసిన పందిరి మరుసటి ఏడు ముదురెరుపు పూలు, అదీ ఒక్కసారే, పూస్తే మొక్క రంగు మార్చుకుందనుకోవద్దు, పై మొక్క చచ్చింది. అందుకే చలి ప్రాంతంలో సొంత వేరు మొక్కే కొనాలి. అంటు మొక్క తప్పకపోతే ముడి నేలకు 10 నుంచి 15 సెం.మీ. లోతున ఉండేలా, నేల కరిగిన వసంతంలోనే నాటాలి. నాటే ముందు చిన్న పరీక్ష: 30 సెం.మీ. గుంట తీసి నీళ్లతో నింపండి. మర్నాటికీ నీళ్లు నిలిచి ఉంటే అక్కడ నాటొద్దు, లేదా 30 సెం.మీ. ఎత్తు మడి కట్టుకోండి. చలి కంటే, చలిలో వేరు నీళ్లలో నానడమే ఎక్కువ గులాబీలను చంపుతుంది.

ఏడాకుల లెక్క ఇక్కడే ప్రమాదం. పైన చెప్పిన చలి రకాల్లో చాలావాటికి ఏడాకులు సహజం. వ్యాసం నమ్మి ఏడాకుల కొమ్మలు కోస్తూ పోతే, వచ్చే ఏడు పూయాల్సిన మంచి తీగలే పోతాయి. ఆకులు లెక్కపెట్టొద్దు, మట్టి తీసి కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడండి. ముడికి కింద పుట్టినదే అడవి రెమ్మ. దాన్ని కోయకుండా కిందికి లాగి మొదలంటా ఊడదీయాలి. కోస్తే ఒక్కటి పోయి మూడొస్తాయి. సొంత వేరు మొక్కలో ఎక్కడినుంచి వచ్చినా అది మీ గులాబీయే.

చలి ఇంకా ముదరలేదు కాబట్టి సవరణ వేయడానికి సమయముంది. మిగతావి తర్వాతైనా, కత్తిరింపు మాట వచ్చే వారమే వేయండి. వ్యాసం చదివి ఇప్పటికే మోకాలెత్తుకు కోసేసినవారు కంగారుపడి ఎరువు వేయొద్దు, మొండాలకు గుడ్డ చుట్టొద్దు. నేల గట్టిపడ్డాక ఆ మొండాలు పూర్తిగా మునిగేలా బయటి మట్టి పోసి, పైన ఆకులు వేయండి. ‘జాన్ క్యాబట్’ లాంటి విడతలుగా పూసే రకమైతే వచ్చే వేసవి చివర్లో కొత్త తీగల మీద కొన్ని పూలు కనిపిస్తాయి. ఒక్కసారే పూసేదైతే వచ్చే ఏడు పువ్వు ఉండదు. ఆ ఏడు వచ్చిన తీగల్లో బలమైనవి అయిదారు ఉంచుకుని, లేతగా ఉండగానే పక్కలకు కట్టుకోండి.

ఇట్లు,
తీగ గులాబీలు పెంచే కొందరు పాఠకులు